తొట్టి మీద రెండు దెబ్బలు

అంతోని తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, ముందువైపు కడియానికి పట్టిన బూడిదను వేలితో గీకాడు. ఇంకా ఎనిమిదైనా కాలేదు, కంకిపాడు రైసు మిల్లు ఆవరణ అప్పుడే వేడెక్కిపోయింది. బాయిలరు దగ్గర్నుంచి తెచ్చి పోసిన ఊకబూడిద ఇనప తొట్టిలో లోపల్లోపల రాజుకుంటూనే ఉంది. దాని అంచు మీద చెయ్యి వేస్తే ఎవరికైనా చురుక్కుమంటుంది. అంతోని వేశాడు. పదేళ్లుగా కాలీ కాలీ మొద్దుబారిన అరచేతులవి, వేడి వాటికి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది.

యాభై దాటిన మనిషి. సన్నగా పొడుగ్గా, మెడ ముందుకు వంగి ఉంటాడు. కనుబొమలు నెరిసి తెల్లబడ్డాయో, బూడిద పట్టి తెల్లబడ్డాయో ఆదివారం తలంటుకుంటే గాని భార్య శౌరమ్మకు కూడా తెలిసేది కాదు. జీవరత్నం గారి లారీల్లో అతను కొక్కెం మనిషి. అలాంటి ఉద్యోగం ఒకటి ఉందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు దాన్ని ఉద్యోగం అనరు.

లారీ ఖాళీ తొట్టిని మిల్లులో దించి వెళ్లిపోతుంది. నిండాక తిరిగొచ్చి తొట్టికి వీపు పెట్టి నిలబడుతుంది. క్యాబిన్ వెనకనుంచి వచ్చే గొలుసు చివర కొక్కేన్ని పక్కనుంచి వంగి తొట్టి కడియానికి తగిలించాలి. అది అంతోని పని. లారీకీ తొట్టికీ మధ్య ఇంకొకడు నిలబడి గునపంతో తొట్టిని లారీ మీది పట్టాలకు ఎదురుగా సర్దాలి. వాడు బయటికొచ్చాక అంతోని తొట్టి రేకు మీద రెండు దెబ్బలు వేస్తాడు. డ్రైవరు గొలుసు లాగిస్తాడు, తొట్టి పాక్కుంటూ లారీ ఎక్కుతుంది. ఇంజను మోతలో డ్రైవరుకు కేకలు వినబడవు కాబట్టి ఏ మాటైనా ఆ రెండు దెబ్బలే.

ఆ పొద్దున చద్దన్నం తింటున్నప్పుడే అతనికి ఎడమ భుజం లాగింది. గుండెల మీద ఎవరో మోకాలు మోపినట్టుంది. శౌరమ్మకు చెప్పలేదు. చెబితే మానెయ్యమంటుంది, ఇవాళ మానడానికి వీల్లేదు.

జీవరత్నం గారు కొత్తగా నాలుగు లారీలు కొంటున్నారు. రెండు కంపెనీల వాళ్లు చెరో బండి చూపించడానికి తెచ్చారు. జీవరత్నం గారు ఒకప్పుడు డ్రైవరే. ఇప్పుడు తెల్లచొక్కా, చేతికి గడియారం వచ్చాయి గాని అంతోని భుజం మీద చెయ్యి వేసి మాట్లాడే అలవాటు పోలేదు.

"కాయితాల మీద రెండూ బాగానే ఉన్నాయి అంతోనీ. కాయితాలు తొట్టి ఎత్తవు గదా. నువ్వు ఏది బాగుందంటే అదే తీసుకుంటా," అన్నారు.

ఒకటి పాత పద్ధతిదే, గొలుసు బండి. రెండోదానికి వెనక పెద్ద ఇనప చెయ్యి ఉంది. డ్రైవరు క్యాబిన్‌లో కూర్చుని లివరు లాగితే ఆ చెయ్యి వంగి, తొట్టిని తనే పట్టుకుని పైకి లాక్కుంటుందట. "దీనికి మనిషి అక్కర్లేదండీ," అన్నాడు టెర్లిన్ ప్యాంటు వేసుకున్న కంపెనీ ఆయన, అంతోని ముందే నవ్వుతూ. పాపం, ఆ మనిషి ఇతనేనని ఆయనకు తెలియదు.

గునపం పట్టే నాగులుకు మాత్రం బాగా తెలుసు. అంతోనిని పక్కకు లాగాడు.

"బాబాయ్, గొలుసు బండే బాగుందని చెప్పు. ఆ రెండోది వస్తే మనిద్దరికీ కూడు ఉండదు. నీకైతే ఎట్టాగో జరిగిపోద్ది. నాకు ముగ్గురు పిల్లలు."

అంతోని తలూపాడు. నిజంగా అలాగే చెబుదామనుకున్నాడు.

ముందు గొలుసు బండి. నాగులు గునపంతో మధ్యలోకి వెళ్లాడు. అంతోని కొక్కెం అందుకుని కడియానికి వేశాడు. ఎంత గీకినా లోపల బూడిద గడ్డకట్టి ఉండడంతో అది సగంలో ఆగింది. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చేతికి అలవాటే. వంగి కంకరరాయి ఒకటి తీసుకున్నాడు. చెయ్యి పైకి లేచి, అక్కడే ఆగిపోయింది.

నాలుగేళ్ల కిందట, జై ఆంధ్ర గొడవలు సద్దుమణిగిన ఏడాది, ఇదే ఆవరణలో ఆ చెయ్యి ఆగలేదు. కొక్కెం దిగక రాయితో రెండుసార్లు కొట్టాడు. ఆ రోజు డ్రైవరు రాకపోతే లారీలో జీవరత్నం గారే కూర్చున్నారు. రెండు దెబ్బలు విన్నారు, గొలుసు లాగించారు. మధ్యలో గునపంతో ఏసుపాదం ఉన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్లే అవసరం కూడా లేకపోయింది.

"తట్టిందెవర్రా?" అని జీవరత్నం గారు వణికిపోతూ అడిగితే అంతోని నోట వచ్చిన మాట, "వాడేనండీ. తప్పుకోకుండానే తట్టాడు." అనుకుని అన్నది కాదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోలేదు. సాయంత్రానికి ఏసుపాదం తాగి ఉన్నాడన్నారు. నెల తిరిగేసరికి అదే నిజమై కూర్చుంది. అతని భార్య సంపూర్ణమ్మకు జాలిపడి మిల్లులో ఊడ్చే పని ఇప్పించారు. నాలుగేళ్లుగా ఆమె కళ్లముందే అంతోని తొట్లు ఎత్తిస్తున్నాడు. దీన్ని పిరికితనం అంటారు, ఇంకో పేరు వెతకక్కర్లేదు.

"బయటికి రా నాగులూ! బయటికి రా!" అని అరిచి అంతోని రాయిని దూరంగా విసిరేశాడు. కంపెనీ వాళ్లు ఉలిక్కిపడి చూశారు.

తర్వాత రెండో బండి. ఇనప చెయ్యి మెల్లగా వంగి, తొట్టికి బిగించిన కడ్డీని పట్టుకుని, ఏ గొడవా లేకుండా పైకి లాక్కుంది. మధ్యలో ఎవరూ లేరు. అంతోని ఆ ఖాళీ వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఏమంటావు?" అన్నారు జీవరత్నం గారు.

"ఇదే తీసుకోండయ్యా."

"మరి నీ పని?"

"ఆ మధ్యలో మనిషి ఉండకూడదండీ."

జీవరత్నం గారు ఒక క్షణం అతని మొహంలోకి చూసి, కంపెనీ ఆయనతో మిల్లు ఆఫీసు గదిలోకి వెళ్లిపోయారు. నాగులు గునపం నేలకేసి కొట్టాడు.

"నా నోటికాడ కూడు తీసేశావు. ఏం ఒరిగింది బాబాయ్ నీకు?"

అంతోని దగ్గర జవాబు ఉంది. కాని అది ముందు వినవలసిన మనిషి వేరే ఉంది. మిల్లు వెనక గోడ నీడలో సంపూర్ణమ్మ ఊడుస్తోంది. అతను అక్కడిదాకా నడవడానికి చాలాసేపు పట్టింది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

"సంపూర్ణం, ఆ రోజు తట్టింది ఏసుపాదం కాదమ్మా. నేను."

చీపురు ఆగింది.

"ఆయన తాగలేదని మొత్తుకున్నాను. ఒక్కళ్లు నమ్మారా? కర్మాంతరం నాడు నువ్వు మా ఇంట్లో కూర్చుని భోంచేశావు, అన్నయ్యా."

"తిన్నానమ్మా."

"నాకొక్కదానికి చెబితే ఏం లాభం? అందరి ముందూ చెప్పు."

"చెబుతా. అయ్యగారు గదిలోంచి బయటికి రానీ, ఇప్పుడే చెబుతా." అతని పెదాలు ఆరిపోయి ఉన్నాయి. "కాసిని నీళ్లియ్యమ్మా."

ఈ మనిషికి నీళ్లు ఇవ్వాలా అని ఆమె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చెంబు తీసుకుని పంపు దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అతని తల పక్కకు వాలి ఉంది. నిద్రపోయాడనుకుని ఒళ్లు మండింది ఆమెకు. "లే, అన్నయ్యా. చెబుతానన్నావుగా, లే," అంది. చెంబు కింద పెట్టి భుజం పట్టి కుదిపింది.

ఆమె కేకకు అందరూ పరుగెత్తుకొచ్చారు. జీవరత్నం గారు అంతోని చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "ఇన్నేళ్లలో వీడి చేతిలో ఒక్క పొరపాటు జరగలేదు," అన్నారు.

"జరిగిందండీ," అంది సంపూర్ణమ్మ. "ఆ రోజు తట్టింది మా ఆయన కాదు, ఈయన. ఇప్పుడే నాతో చెప్పాడు."

జీవరత్నం గారి మొహం పాలిపోయింది. కళ్లు తుడుచుకున్నారు.

"ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు? చచ్చిపోయినవాడి మీద నింద వెయ్యకూడదు."

"మా ఆయనా చచ్చిపోయినవాడేగా అండీ."

నాగులుకు పొద్దున అంతోని విసిరేసిన రాయి గుర్తొచ్చింది. అప్పుడు అర్థమైంది వాడికి. నోరు తెరిచాడు. జీవరత్నం గారు వాడి వైపు చూశారు. రేపటినుంచి ఆయన దయ తలిస్తేనే వాడికి పని. వాడు నోరు మూసుకుని, వంగి అంతోని కాళ్లు పట్టుకున్నాడు.

నలుగురూ కలిసి అతన్ని పాత లారీ ఎక్కించారు. బండి అతని ఇల్లున్న భవానీపురం వైపు వెళ్లిపోయింది. మిల్లు వాళ్లు పనుల్లోకి వెళ్లారు. సంపూర్ణమ్మ కొంగు నడుముకు దోపుకుని, వదిలేసిన దగ్గర్నుంచి మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది. గోడ వారన చెంబెడు నీళ్లు ఎవరూ ముట్టకుండా అలాగే ఉన్నాయి.