రాణి చేతిమీది పిట్ట

టికెట్ల గుమాస్తా కిటికీలోంచి టికెట్టు చించి ఇస్తుండగా మేనేజరు వెనక తలుపు తోసుకుని వచ్చి శుభవార్త చెప్పాడు. "ఆఖరి రోజు కదండీ, ఇక కట్టేయండి. మీ ఆవిడతో కలిసి చౌక్ చుట్టూ ఉన్నవన్నీ చూడండి. మ్యూజియం, పాత దర్బారు, గడియారం మేడ, దేనికీ టికెట్టు అక్కర్లేదు. ఇవాళా రేపూ మీ ఇష్టం."

క్యారియరు తెచ్చిన గుమాస్తా భార్య గుమ్మంలోనే ఉంది. ఆమె మొహం వెలిగిపోయింది. టికెట్ల గుమాస్తాకి మాత్రం గొంతులో పచ్చి వెలక్కాయ పడింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, మ్యూజియం రేపు చూడొచ్చులే అనుకున్నాడు. ఆ రేపు రానేలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "లోపల ఏముంటాయండీ?" అని అడిగితే, చూడలేదనడానికి నోరు రాలేదు. బయటికొచ్చే జనం మాటలు నాలుగు ఏరుకుని, మరో నాలుగు తనే కలిపి చెప్పాడు. ఆమె కళ్ళింతలు చేసుకుని వింటుంటే ఎంత బాగుందంటే, మర్నాడు ఇంకొకటి చెప్పాడు. పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయినా ఆ చెప్పడం ఆగలేదు. రోజూ తిన్నాక లోపల ఒక చుట్టు తిరిగొస్తానని ఆమెతో అనేవాడు. నిజానికి టికెట్ల గది వెనక నీడలో కునుకు తీసేవాడు. "చూసొచ్చినట్టే ఉంది, నాకెందుకూ దండగ" అని ఆమె ఎన్నడూ రాలేదు.

ఇవాళ చదును రాళ్ళ మీద ఆమె చెప్పుల చప్పుడు అతనికంటే ముందు పరిగెత్తింది.

"ముందు రాణి పటం చూపించండి. చేతిమీద చిలక ఉన్నదీ."

మెట్లెక్కగానే అతను ధీమాగా కుడివైపు తిరిగాడు. అది చీపుళ్ళూ బకెట్లూ పెట్టే గది.

కాపలావాడు పకపకా నవ్వాడు. "ఏం అన్నా, రిటైరయ్యే రోజుకి గాని గడప తొక్కలేదే! నువ్వైనా లాక్కొచ్చావు వదినా. నేను బతిమాలినా వచ్చేవాడు కాదు."

అతని చెవులు కాలిపోయాయి. ఆమెకేసి చూడలేక చీపుళ్ళకేసి చూశాడు. ఆమె మాత్రం కాపలావాడు చూపిన దారిన ముందుకు నడిచింది.

పటం గోడంత ఉంది. రాణి చేతిమీద ఉన్నది చిలక కాదు, వంకరముక్కు డేగ.

"చిలకన్నారు."

"ఎవరో పిట్ట అనుకుంటుంటే విన్నా. చిలకే అయ్యుంటుందనుకున్నా."

"నా మిషను దగ్గరికి జాకెట్టు కుట్టించుకోడానికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. మా ఆయన రోజూ చూస్తాడని." ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"మొదట్లో నీ ముందు తక్కువైపోతానని భయం. తరవాత చెప్పడానికి సిగ్గేసింది."

"ఇంకేం చూడలేదు?"

"ఏదీ చూడలేదు."

"గడియారం మేడో?"

"కిందనుంచి టైము చూసుకునేవాణ్ణి. అంతే."

ఆమె పెదవి బిగబట్టింది. అది కోపమో నవ్వో అతనికి తెలియలేదు. వెళ్ళి బల్లమీద కూర్చుంది. కాసేపటికి కొంచెం పక్కకి జరిగింది.

"కూర్చోండి. దీన్నైనా సరిగ్గా చూడండి."

మూసే గంట కొట్టేదాకా ఇద్దరూ ఆ డేగని చూస్తూ కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు అతను టికెట్ల గది తాళంచెవి కాపలావాడి చేతిలో పెట్టాడు. వీడ్కోలు సభ అంటూ ఏమీ జరగలేదు.

మెట్లు దిగుతూ ఆమె అంది. "రేపు పొద్దున్నే మేడెక్కుదాం. పైకెళ్ళేదాకా మీరు నోరు విప్పితే నా మీద ఒట్టే."

వెనక టికెట్ల గదిలో, కుర్చీమీద, ఆమె పాత చీరతో కుట్టిన చిన్న దిండు నడుమ గుంటపడి అలాగే ఉంది.