కొత్త శ్మశానంలో తొలి సమాధి

మా ఊరు డాన్యూబ్ నది మధ్య లంకలో ఉండేది. వరసగా మూడేళ్లు వరద ముంచేసరికి, ఊరంతా సెర్బియా ఒడ్డుకు మారాలని రాజుగారి ఆజ్ఞ వచ్చింది. కొండ కింద వీధులు కొలిచారు. ఇళ్ల దూలాలు విప్పి పడవలకెక్కించాం.

మా వదిన స్తమేనా మాత్రం కదలనంది. ప్లేగులో పోయిన మా అన్నా, ఇద్దరు పిల్లలూ లంక శ్మశానంలోనే ఉన్నారు.

“వాళ్లనీ తవ్వి తీసుకుపోదాం, రాడూల్.”

“తవ్వితే జబ్బు మళ్లీ లేస్తుందని చర్చి గురువు ఒప్పుకోవట్లేదు వదినా.”

“తన పందుల్ని మాత్రం మొదటి పడవలోనే ఎక్కించాడుగా, మహానుభావుడు!”

మంచు పడేలోగా నేనే తవ్వుతానని మాటిచ్చి ఆమెను ఒడ్డుకు తెచ్చాను. జబ్బు భయంతో ఇవాళా రేపూ అంటూ జరిపాను. చలికాలం చివర నదిలో మంచు పగిలి, ఆ గడ్డలు లంక మీదికెక్కి శ్మశానాన్ని దున్నేశాయి. కొయ్య శిలువలు కొట్టుకుపోతుంటే వదిన ఒడ్డున నిలబడి చూసింది.

నీళ్లు తగ్గాక ఒంటరిగా పడవేసుకుని వెళ్లి, ఒక చేతి ఎముకతో తిరిగొచ్చింది.

“ఎవరిది వదినా?”

“ఏమో. మనవాళ్లదో కాదో కూడా తెలీదు.”

కొత్త శ్మశానంలో అప్పటికింకా ఒక్క సమాధీ లేదు. గురువు రానన్నాడు. గొయ్యి నేనే తవ్వాను.

పోయినవాళ్లను తలుచుకునే శనివారం నాడు ఊళ్లో ఆడవాళ్లంతా ఉడికించిన గోధుమలు, కొవ్వొత్తులు పట్టుకుని వచ్చారు. వాళ్లవాళ్ల సమాధులనూ నదే తీసుకుపోయింది. ఆ ఒక్క మట్టిదిబ్బ దగ్గర చోటు చాలక వరసలో నిలబడి, ఒక్కొక్కరే మోకరిల్లి, తమవాళ్ల పేర్లు చెప్పుకుని ఏడ్చారు.