షార్ట్ సర్క్యూట్ అన్నవాళ్లు

రావల్కోల్ ఫైరు టీం ప్రతి మంగళవారం పొద్దున ఆరు గంటలకు వాటర్ ట్యాంకు కింద కూడుతుంది. మొత్తం పది మంది, ఆరుగురు ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు. జీతం లేదు, యూనిఫాం లేదు. పది తలలకు మూడు హెల్మెట్లున్నాయి, అందులో ఒకటి క్రికెట్ ఆడేది. ఆడవాళ్లు ఇల్లు ఊడ్చి, అన్నం వండి, పిల్లల జడలేసి వస్తారు. మగవాళ్లు మొహం కూడా కడగకుండా వస్తారు. ఆలస్యమైందని మాట పడేది మాత్రం ఆడవాళ్లే.

నేర్పేది లింగస్వామి. ముప్పై ఏళ్లు ఫైర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మనిషి రిటైరయ్యాడు గానీ గొంతు ఇంకా డ్యూటీలోనే ఉంది.

"కరెంటు బందు చేయించుడు ఒకటి. లోపల ఎంతమంది ఉన్నరో అడుగుడు రెండు. పైపు పరుసుడు మూడు. కారణం చెప్పుడు నాలుగు. వరుస తప్పిండ్రంటే తన్నులు పడతయ్."

నాలుగోది ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎవరి వల్ల పుట్టిందో మొహం మీద చెప్తే అగ్గి వెనక్కి తగ్గుతుంది, తర్వాత బకెట్ నీళ్లకే ఆరుతుంది. చెప్పకపోతే మొండికేస్తుంది. అబద్ధం చెప్తే పెరుగుతుంది. అందుకే అక్కడ నీళ్లకు ఎప్పుడూ కొరత రాలేదు. కొరత అంతా నాలుగో పని దగ్గరే.

పోయిన ఎండాకాలం కుర్మయ్య గడ్డివాము అంటుకుంది.

"కరెంటు తీగలు రాసుకున్నయ్" అన్నాడు కుర్మయ్య. మంట మనిషెత్తు లేచింది.

"పిల్లగాండ్లెవరో పటాకులు కాల్చిండ్రు" అన్నాడు. పక్క వాము కూడా అంటుకుంది.

ఈదమ్మ అతని చొక్కా పట్టుకుని మంట ముందుకు ఈడ్చుకుపోయింది. "నోట్లె బీడీ ఇంక ఆరనే లేదు, తీగలంటవా? సిగ్గు లేదా నీకు? చెప్పు!"

"నాదేనే తల్లీ! నా బీడీనే!"

మంట చప్పున కూలబడింది. ఊరు ఊరంతా నవ్వింది. ఆ సాయంత్రమే ఈదమ్మను టీంకు లీడర్‌ను చేశారు. నలభై ఐదేళ్ల మనిషి, నాట్ల కాలంలో నాట్లకు పోతుంది, మిగతా రోజుల్లో కండ్లకోయలో ఒక కాలేజీ క్యాంటీన్‌లో గిన్నెలు తోముతుంది. ఎవరి మొహం మీదైనా ఉన్నది ఉన్నట్టు అనేస్తుందని పేరు. ఆ పేరంటే ఆమెకు కూడా ముద్దే.

టీంకు ట్యాంకర్ ఇచ్చింది మల్లేశం. ఒకప్పుడు ఆయన తండ్రి పొలం దున్నాడు. ఈయన ఆ పొలాన్ని ప్లాట్లు చేశాడు, ప్లాట్లతో రాజకీయం చేశాడు. ట్యాంకర్ రెండు పక్కలా దండం పెడుతున్న ఆయన ఫొటో ఉంటుంది. దూరం నుంచి చూస్తే మంటలార్పడానికి నీళ్లు వస్తున్నాయో ఓట్లడగడానికి మల్లేశం వస్తున్నాడో తెలియదు. దాన్ని నడిపేది ఆయన తమ్ముడి కొడుకు భానుప్రకాశ్.

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మల్లేశం పరుపుల గోదాం అంటుకుంది. మేడ్చల్ పోయే రోడ్డు పక్కన ఉంటుంది గోదాం. రేకుల షెడ్డు, నిండా స్పాంజి. లోపల తొమ్మిది మంది ఆడవాళ్లు పరుపులకు గలీబులు కుడతారు. అందులో ఒకతి కావ్య, ఈదమ్మ కూతురు.

ట్యాంకర్ మీద పోతుంటే ఈదమ్మ కళ్లకు ముందు కూతురు కనబడాలి. కనబడింది కాగితం. ట్యాంకర్ ఇచ్చిన రోజు, జనమంతా చప్పట్లు కొడుతుంటే, మల్లేశం పెన్నుతో సహా ముందుకు చాపిన కాగితం.

"గోదాంల ఫైర్ డ్రిల్ అయిందని ఒక్క సంతకం వెట్టు చెల్లె. లైసెన్సుకు అడుగుతున్నరు. డ్రిల్ వెడితే సగం రోజు పని ఆగుతది. తర్వాత తీరిగ్గ వెట్టుకుందం, మనం మనం ఒకటే గదా."

పెట్టింది. కుర్మయ్యను ఊరి ముందు నిలబెట్టి కడిగేసిన ఈదమ్మ, నోరు మెదపకుండా, వంకర టింకర అక్షరాలతో తన పేరు రాసింది. ఆ గోదాంలో ఆమె ఒక్కరోజు కూడా అడుగుపెట్టలేదు. కూతురు పని చేసే చోటని తెలిసీ పెట్టలేదు.

గోదాం షట్టర్ దించి ఉంది. బయట నుంచి తాళం, దాని దగ్గరికి ఎవరినీ పోనివ్వని మంట. లోపల నుంచి రేకు మీద చేతులతో బాదుతున్న చప్పుడు. "అమ్మా! అమ్మా!" తొమ్మిది గొంతుల్లో అదే మాట. అందులో తన బిడ్డ గొంతు ఏదో ఈదమ్మకు తెలియలేదు.

మేడ్చల్ నుంచి బయల్దేరిన పెద్ద ఫైరు బండి లారీల మధ్య ఇరుక్కుందని ఫోనొచ్చింది. అంటే ఉన్నది వీళ్లే. టీం నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేసింది. రాధమ్మ కరెంటు బందు చేయించింది. లోపల తొమ్మిది మందని లెక్క తేలింది. పైపు పరిచారు. భానుప్రకాశ్ నాజిల్ పట్టాడు.

ఇక నాలుగో పని.

"కారణం!" అరిచాడు లింగస్వామి. "ఎవరన్న చెప్పుండ్రి!"

"షార్ట్ సర్క్యూట్!" అన్నాడు భానుప్రకాశ్.

మంట వెంటిలేటర్ల నుంచి నాలుకలు చాపింది.

"షార్ట్ సర్క్యూటే!" అంది రాధమ్మ. రాధమ్మ మంచిదే. కానీ కుర్మయ్యకు పెళ్లాం, వాళ్లు కౌలుకు చేసే రెండెకరాలు మల్లేశంవి. పైకప్పు రేకు ఒకటి పిట్టలా ఎగిరి రోడ్డు మీద పడింది.

"షార్ట్ సర్క్యూటే, షార్ట్ సర్క్యూటే!" వెనక ఇంకో ముగ్గురు. ఒకరిది అన్న కొడుకు ఉద్యోగం, ఒకరిది ఇంటి కాగితం, ఒకరిది ఊరికే భయం. అన్నకొద్దీ మంట పెరిగింది. ఈ దేశంలో కాగితాల మీద కరెంటు తీగలు చేసినన్ని హత్యలు ఏ మనిషీ చేయలేదు. పాపం తీగలకు నోరు లేదు, వకీలు లేడు, ఏ నేరం మోపినా మోస్తాయి.

మూడు నిమిషాలు అట్లా పోయాయి. లోపల చేతుల చప్పుడు పలచబడింది.

ఈదమ్మ పైకి చూసింది. కప్పు మీద ఇనుప ఫ్రేము సగం నిలబెట్టి ఉంది. పక్కన నిచ్చెన. కింద వెల్డింగ్ మిషను వైరు. మిషను మనిషి ఎప్పుడో పరార్. ఆమె భానుప్రకాశ్ మెడ పట్టుకుంది.

"గా ఫ్రేమేంది?"

"నాకు తెల్వది పిన్ని."

మంట ఇద్దరి మొహాలూ కమిలేంత దగ్గరికి వచ్చింది.

"నీ పెద్దనాయిన గొడ్డు గాదు, నువ్వు గొడ్డు గాదు, నోరున్నది గదరా నీకు? లోపల ఆడోళ్లు కాలుతున్నరు! చెప్తవా, నిన్ను గూడ అండ్లనే తోయాల్నా?"

భానుప్రకాశ్ ఏడ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు, నాజిల్ పట్టుకునే, చిన్నపిల్లాడిలా గుక్కపట్టి ఏడ్చాడు. "పెద్దనాయిన బర్త్‌డే ఫ్లెక్సీకి ఫ్రేము. వెల్డింగోన్ని నేనే తోల్కొచ్చిన. కింద స్పాంజి ఉన్నదని వాడు చెప్పిండు, నేనే ఏంగాదన్న. తినేటప్పుడు చాయ్‌లకని రోడ్డెక్కుతున్నరు, తాళమెయ్యిమన్నడు పెద్దనాయిన. నేనే ఏసిన. తాళంచెవి ఆయన జేబుల ఉన్నది."

అదిలించిన బర్రెలా మంట షట్టర్ వదిలి వెనక్కి నడిచింది. నీళ్లు పట్టాయి. గడ్డపారతో తాళం పగలగొట్టి షట్టర్ లేపారు. ఏడుగురు దగ్గుకుంటూ, పాక్కుంటూ బయటపడ్డారు. ఎనిమిదో మనిషి బుచ్చవ్వ, అందరిలోకీ పెద్దది, ఆమెను మోసుకొచ్చారు.

కావ్య రాలేదు.

గోదాం వెనక గోడ దగ్గర మంట మోకాలెత్తున ఆగి ఉంది. పెరగలేదు, తరగలేదు. నీళ్లు కొడితే ఆవిరైపోతున్నాయి.

"ఇంక ఏదో ఉన్నది" అన్నాడు లింగస్వామి. "ఇంకెవరో చెప్పలే."

రాధమ్మ గుంపులో నిలబడ్డ కుర్మయ్య వైపు చూసింది. కుర్మయ్య భానుప్రకాశ్ వైపు చూశాడు. ఈదమ్మ ఎవరి వైపూ చూడలేదు. ఆమెకు తెలిసిపోయింది. తెలిసి కూడా రెండు శ్వాసలు ఆగింది. నిజం చెప్పే ఈదమ్మ అన్న పేరు కోసం, లీడర్ అన్న మాట కోసం, రెండు శ్వాసలు. ఆ రెండు శ్వాసలను ఆమె తర్వాత జీవితమంతా క్షమించుకోలేదు, మనం క్షమించాల్సిన పనీ లేదు.

"నేను!" అంది. "డ్రిల్ వెట్టకుండనే వెట్టినట్టు సంతకం చేసిన. ఎనుక తలుపున్నదో లేదో సూడలే. ట్యాంకరిస్తే మురిసిన. చప్పట్లకు మురిసిన. నేనే!"

మంట కూర్చుంది. పడుకుంది. నల్లటి నీళ్ల మధ్య తోవ కనబడింది.

వెనక తలుపు ఉంది. పరుపుల కట్టల చాటున, మూడేళ్లుగా ఎవరూ తెరవని ఇనుప తలుపు. కావ్య దాని ముందు పడి ఉంది. పది గోళ్లూ చిట్లిపోయాయి. శ్వాస ఉంది.

కావ్య బతికింది. బుచ్చవ్వ మూడో రోజు ఆస్పత్రిలో చనిపోయింది. ఆమె ఊపిరితిత్తుల్లోకి పోయింది మూడు నిమిషాల పొగ. షార్ట్ సర్క్యూట్ అన్న ప్రతి నోరూ అందులో ఒక్కో బుక్క పోసింది.

రిపోర్టు రాయడానికి ఒక సారు వచ్చాడు. మల్లేశం పక్కన కుర్చీ వేసుకుని చెప్పాడు, సారు రాశాడు: షార్ట్ సర్క్యూట్. టీంలో మాట్లాడబోయిన వాళ్లను రేపు రమ్మన్నారు. ఆ రేపు రాలేదు.

కానీ గోదాం బూడిద పొగ ఆపలేదు. ట్యాంకర్ల కొద్దీ నీళ్లు పోశారు, మట్టి పోశారు, జేసీబీతో తిరగేశారు. సన్నగా, నల్లగా, పొద్దూమాపూ పొగ. పక్కనే మల్లేశం కొత్త వెంచరు. ప్లాట్లు చూడ్డానికి కార్లలో వచ్చిన వాళ్లు దిగేవాళ్లు, దగ్గేవాళ్లు, మళ్లీ కారెక్కేవాళ్లు. పన్నెండో రోజు మల్లేశం తనే సారును పిలిపించుకుని, బూడిద ముందు నిలబడి, వెల్డింగ్ అని, తాళం అని, ఒక్కో మాటా రాయించాడు. నిజం చెప్పడానికి మనస్సాక్షే ఉండాలని లేదు, అమ్ముడుపోని ప్లాట్లున్నా చాలు. సంతకం అయ్యేసరికి పొగ ఆగింది. కేసయింది, లోపలేశారు, బెయిలూ వచ్చింది. పేపర్లో ఫొటో కూడా పడింది. ఆయనకు ఫొటోలంటే మొదటి నుంచీ ఇష్టమే.

ఈదమ్మను లీడర్‌గా తీసేస్తున్నానని లింగస్వామి చెప్పినప్పుడు ఆమె తలూపింది. కొత్త లీడర్ ఎవరన్నప్పుడు, వేళ్లకు పట్టీలున్న కావ్య చెయ్యి లేపింది. ఎవరూ కాదనలేదు.

కావ్య మొదటి రోజే ఒక మాట చెప్పింది. "డ్రిల్ల అక్కా, అవ్వా, పిన్నీ నడువది. పేరు వెట్టే పిలుసుడు. పొగల అందరం అమ్మా అంటే ఎవరు ఎవరికి పలుకుతరు?"

రెండో మాటగా, ఆ రోడ్డు మీదున్న ప్రతి గోదాంలోనూ డ్రిల్ పెట్టాలంది. ఇంట్లో మాత్రం తల్లితో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటుంది, కంచం కడుక్కుంటుంది, అంతే.

మొదట పోయింది ప్లాస్టిక్ సీసాల గోదాంకి. మధ్యాహ్నం. షట్టర్ దించి తాళమేసి ఉంది. మేనేజరు పట్టాభిరామయ్య బల్ల మీద రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి, నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఎండల వడి వచ్చిండ్రు, కూసోండ్రి. కూల్‌డ్రింక్ తెప్పిస్త. డ్రిల్ అయిందని గీడ ఒక్క సంతకం వెట్టి పో బిడ్డా."

ఈదమ్మ తల దించుకుంది. కావ్య పెన్ను ముట్టుకోలేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీసింది. పట్టీల వేళ్లతో రెండు పుల్లలు విరిగాయి. మూడోది వెలిగింది. దాన్ని ఆయన మొహం ముందు పెట్టింది.

"నాకు గాదు సార్, దీనికి చెప్పుండ్రి. డ్రిల్ అయిందని చెప్పుండ్రి."

పట్టాభిరామయ్య నోరు తెరిచాడు. గోరంత మంట వినడానికన్నట్టు ఆయన వైపు కొంచెం వంగింది. ఆయన దాన్ని చూశాడు, వెనకున్న షెడ్డును చూశాడు. నోరు మూసుకుని, వంగి, మొల దగ్గర తాళంచెవి వెతుక్కున్నాడు.

షట్టర్ లేచింది. లోపల పదిహేను మంది ఆడవాళ్లు, ఒళ్లో టిఫిన్ డబ్బాలు, వెలుతురు పడేసరికి మోచేతులు కళ్లకడ్డం పెట్టుకున్నారు.

"ఈదమ్మా" అంది కావ్య. "ఎనుక తలుపు సూడు."

ఈదమ్మ బస్తాల సందుల్లోంచి పరిగెత్తింది. బస్తాలు ఈడుస్తున్న చప్పుడు. తర్వాత ఇనుము మీద ఇనుము.

"ఉన్నది. గొళ్లెం తుప్పు వట్టింది."

"తీ."

"వస్తలేదు బిడ్డా."

"ఇంకోపారి తీ, ఈదమ్మా."

పదిహేను మంది ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత డబ్బాలు పక్కన పెట్టి, ఎంగిలి చేతులతోనే లేచి, వెనక తలుపు దగ్గరికి నడిచారు.