నీళ్లకు కాలిన సొరపాదు

జానీబీ చేను నుంచి వచ్చేసరికి వంటింటి గోడ బోసిగా ఉంది. పుట్టిల్లు వేటపాలెం నుంచి తెచ్చుకున్న సొరగింజల్ని పురుగు పట్టకుండా పేడలో పొదిగి, ఆ గోడకే పిడకలుగా కొట్టి దాచింది. తొలకరికి పాదులు పెట్టాల్సినవి అవే. మిరపకాయల బండితో గుంటూరు వెళ్లొచ్చిన మొగుడు బుడాన్, ఒళ్లు నొప్పులంటూ వాటిని పీకి నీళ్లు కాచుకున్నాడు.

"బయట గోడనిండా పిడకలుంటే లోపలివే దొరికినయ్యా, పీడమనిషీ?"

"బాగా ఎండినయ్ గదా అని..."

"నా పాదులన్నీ నీ పాదాల మీద పోసుకున్నావు గదయ్యా!"

"బజార్లో కొనుక్కొస్తాలే."

జానీబీ చేతిలోని చెంబు ఎగిరి గోడకు తగిలింది.

"మా అమ్మ చేతి గింజ ఏ బజార్లో అమ్ముతారు? పోయినేడు పక్కవీధి గురవమ్మకి గుప్పెడిచ్చా. పోయి అడుగు. ఎందుకు కావాల్సొచ్చిందో వీధంతా వినేట్టు చెప్పి మరీ అడుగు!"

బుడాన్ చెప్పాడు. వీధి వీధంతా నవ్వింది. గురవమ్మ నవ్వుతూనే గింజలిచ్చింది.

జానీబీ మాత్రం నవ్వలేదు. ఆ గింజల్ని పచ్చిపేడలో పొదిగి, బుడాన్ మంచానికి తలవైపు గోడకు ఫెడీమని కొట్టింది.

"ఇక్కడే పడుకుని తొలకరి దాకా కాపలా కాయి. నువ్వు కాస్తేనే కాయ కాసేది!"