మోటుపల్లి రేవులో పన్నెండో పేజీ

నవల పదకొండో పేజీ దగ్గర ఓడ పగిలి, దాని సరుకంతా రికార్డింగ్ గదిలోకి కొట్టుకొస్తుంది.

భ్రమరాంబ చదవడం ఆపదు. వాక్యం మధ్యలో ఆగకూడదని ఆమె నియమం. చూపులేని పిల్లల కోసం ఆమె చీరాలలో పందొమ్మిదేళ్ళుగా పుస్తకాలు పైకి చదివి రికార్డు చేస్తోంది. ఇంతవరకు ఒక్క మాట మింగలేదు, ఒక్క మాట కలపలేదు. ఫుల్‌స్టాప్ దాకా చదివి, కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో తేలుతున్న గంధపు చెక్కలను కాలితో పక్కకు నెడుతుంది.

"మాస్టారూ, నీళ్ళొచ్చాయి."

"ఉప్పు వాసన తగుల్తానే ఉంది," అంటాడు యోహాను మాస్టారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. అంధుల బడిలో పాటలు నేర్పి రిటైరై, ఇప్పుడు ఈ గదిలో మిషను చూసుకుంటున్నాడు. "కర్పూరం కూడా ఉన్నట్టుందే. ఆపేదా?"

"వద్దు. అలల చప్పుడు బాగుంది."

నవల కొత్తది, కథ మాత్రం ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. ఒంగోలులో ఎవరో పంతులమ్మ రాసిందట, నిన్ననే టపాలో వచ్చింది. భ్రమరాంబ బళ్ళో రాజుల తేదీలు బట్టీ పట్టి, పరీక్ష అయిన సాయంత్రమే మర్చిపోయిన మనిషి. అయినా ఈ పుస్తకం తెరిచిన దగ్గర్నుంచి ఆమె చేతివేళ్ళు ఊరుకోవడం లేదు. పన్నెండో పేజీ దాకా కళ్ళతో చూసి, మిగతాది గొంతుతోనే చదవాలని దాచుకుంది.

బల్ల కింద నుంచి ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతె లేచి జుట్టు పిండుకుంటుంది. ఆమె కామసాని. నాలుగో పేజీలో తండ్రితో కలిసి ఓడెక్కింది, పదో పేజీలో తండ్రిని సముద్రానికి ఇచ్చింది.

"ఇది మోటుపల్లి రేవేనా అక్కా?"

"చీరాలమ్మా. మోటుపల్లి ఇంకా ముందుంది."

"గాలి అట్లా ఉంది మరి," అని కామసాని గంధపు చెక్కలు ఏరి కుర్చీలో పేరుస్తుంది.

తలుపు దగ్గర గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకుని ఇద్దరు మగవాళ్ళు లోపలికి వస్తారు. ఒకడికి మీసాలు నెరిశాయి, ఒకడికి ఇంకా రాలేదు.

"సుంకరులం," అంటాడు పెద్దవాడు. "రేవు సుంకాలు మావి. గాలివానకి ఒడ్డున పడ్డ సరుకంతా రాజుది. ఇది పాత ఆచారం."

కామసాని వాళ్ళ వైపు చూడదు. భ్రమరాంబ చేతిలో పుస్తకం వైపు చూస్తుంది.

"తర్వాత ఏముందక్కా?"

పన్నెండో పేజీలో సుంకరులు ఆఖరి చెక్కతో సహా మోసుకుపోతారు. కామసాని ఇసుకలో కూలబడుతుంది. భ్రమరాంబ ఆ పేజీ పైకి చదవదు. వేలు లోపల ఉంచి పుస్తకం మూస్తుంది.

"నేను చదవనంటే?"

"మేం నిలబడతాం. మాకు కాళ్ళు నొప్పి పుడతాయని ఆ పుస్తకంలో రాయలేదు."

మాస్టారు చెవి మీది హెడ్‌ఫోను తీస్తాడు. "భ్రమరా, మోటుపల్లి గుడి మండపంలో రాతి స్తంభం ఒకటుంది. మా నాయన చేపలకి పోతా నన్ను దాని పక్కన కూచోబెట్టేవాడు. ఒళ్ళంతా అక్షరాలే. వేళ్ళతో తడిమేవాణ్ణి గానీ, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఓడల సంగతే రాసుందని మాత్రం అనేవాళ్ళు."

"మన మోటుపల్లిలోనా? నిజం రాయా?"

"తల కొట్టుకున్నా గదా దానికి. నిజవే."

ఐదుగురూ ఒకే ఆటోలో సర్దుకుంటారు. చిన్న సుంకరి డ్రైవరు పక్కన కూర్చుంటాడు, గంధపు చెక్కలు, కర్పూరం మూట పైన. నీళ్ళు వెనకాలే వచ్చి రైలు గేటు దగ్గర ఆగిపోతాయి.

మండపంలో స్తంభం ఎండకు వెచ్చగా ఉంది. లిపి పాతది, భ్రమరాంబకు ఒక్క అక్షరం కొరుకుడు పడదు. మాస్టారు రెండు అరచేతులూ ఆనిస్తాడు. రాయి ఆయన వేళ్ళ కింద చిన్న చిన్న చుక్కలుగా ఉబుకుతుంది.

"అరె! నా లిపే!" ఆయన గొంతు పిల్లాడి గొంతులా లేస్తుంది. "చదువుతా, నువ్వు పైకి చెప్పు!"

ఆయన మెల్లగా అందిస్తాడు, ఆమె గట్టిగా పలుకుతుంది. గాలివానకు దారి తప్పి, విరిగి ఒడ్డుకు చేరిన ఓడల సరుకును మునుపటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవాళ్ళకు ఆ ధనం ప్రాణం కన్నా ఎక్కువ. అందుకని దయతో, న్యాయమైన సుంకం తప్ప తక్కినదంతా వాళ్ళకే వదిలిపెడుతున్నాం.

భ్రమరాంబ కూడా రాయి మీద అరచెయ్యి పెడుతుంది. ఎనిమిది వందల ఏళ్ళకు దగ్గరపడిన మాట, ఆటో దూరంలో ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ తనకు చెప్పలేదు. తనూ అడగలేదు.

"మాస్టారూ, ఇట్టాంటి ఆడపిల్ల నిజంగా ఉండేదంటారా?"

"ఎవరో ఒకరు ఏడవకుండా ఇంత రాయి ఎవరు చెక్కిస్తారమ్మాయ్?"

పెద్ద సుంకరి స్తంభానికి చెవి ఆనిస్తాడు. "ఈ ఆజ్ఞ మాకింకా అందలేదు. వచ్చే ఏడు అందుతుంది."

"ఇప్పుడు విన్నారుగా," అంటుంది భ్రమరాంబ.

అతను స్తంభం మీది నుంచి చెవి తీస్తాడు. "విన్నదాన్ని వినలేదనడం మా కొలువులో లేదు." చిటికెడు కర్పూరం సుంకంగా తీసుకుని, గంధపు చెక్కలు తనే దించి కామసాని కాళ్ళ దగ్గర పెట్టి, కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని పొలాల మీదుగా వెళ్ళిపోతాడు.

కామసాని ఒక చెక్కను గుండెకు హత్తుకుని అప్పుడు ఏడుస్తుంది. భ్రమరాంబ పుస్తకం తెరుస్తుంది. పన్నెండో పేజీ తెల్లగా ఉంది, తడిగా ఉంది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె పుస్తకంలో లేని వాక్యం ఒకటి పైకి చెబుతుంది: "కామసాని సరుకు కామసానికే దక్కింది."

"ఇంకా ఉంది!" మాస్టారు అరుస్తాడు. "నా వేళ్ళు అందుకోలేకపోతన్నాయి!"

స్తంభం మీది అక్షరాలు కాళ్ళు మొలిచి, ఎండ్రకాయల్లా పక్కవాటుగా దిగి, గుంపుగా సముద్రం వైపు పరిగెడుతున్నాయి. ముగ్గురూ వాటి వెంట ఇసుకలో పడి పరిగెడతారు. అక్షరాలు అలల్లో మునిగి, ఒక్కొక్కటీ వీపు మీద కొబ్బరికాయంత ఓడను మోసుకుని తిరిగొస్తుంది. వందల ఓడలు. ప్రతి దాంట్లోనూ మనుషులు, గొడవ, నవ్వులు, ఎవరిదో పాట.

"మమ్మల్ని చదువు," అంటారు వాళ్ళు సన్నటి గొంతులతో.

భ్రమరాంబ తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరుస్తుంది. మొదటి ఓడ తెరచాప దించకుండానే ఆమె నాలుక మీదుగా లోపలికి సాగుతుంది. ఆమె గొంతులో, వరసగా, రేవు దీపాలు వెలుగుతాయి.