కాల్వర్ట్ జైలు నమూనాలో లేని గది

కొడుకు జైలులో ఉంటే తల్లి ఎక్కడ కూర్చుని వాడితో మాట్లాడాలి? మా కాల్వర్ట్ నగరసభ కొత్త భవనం తలపెట్టిన నాటి నుంచి నేను అడుగుతున్న ప్రశ్న ఇది. ఒకే కప్పు కింద తూర్పున జైలు, పడమర నగర కార్యాలయాలు. అడిగిన ప్రతిసారీ నాకు దక్కింది చిరునవ్వు. చిరునవ్వును నేను సమాధానంగా పరిగణించను.

మా ఊరికి ఒక మంచి ఆనవాయితీ ఉంది. ప్రజల సొమ్ముతో ఏది కట్టాలన్నా, ముందు దాని నమూనాను అసలు కొలతలతో పశువుల ప్రదర్శనశాల నేల మీద నీలం టేపుతో గీస్తారు. సభ్యులూ జనమూ అందులో నడిచి చూస్తారు. ఆ నడకను సమావేశంగానే ప్రకటిస్తారు గనుక, సభ్యులు అక్కడికక్కడే చేతులెత్తి మార్పులు చేయవచ్చు.

ఆ శనివారం జనం ఉత్సాహంగా వచ్చారు. చర్చి ఆడవాళ్ళు రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన 'పై' అనే తీపి వంటకం, కాఫీ పెట్టారు. టేపు అంటించిన అగ్నిమాపక అధికారి డ్వెయిన్ అందరి మీదా కేకలు వేస్తున్నాడు.

"ఏయ్ మార్లిస్! గోడలోంచి దూరి వచ్చావు. వెనక్కెళ్ళి తలుపులోంచి రా!"

"నీ తలుపులో నేను పట్టను డ్వెయినూ. కాస్త వెడల్పు చెయ్యి, పుణ్యముంటుంది."

నా పక్కన ఓపల్ హెన్స్లీ నడుస్తోంది. ఆమె కొడుకు కోల్, తాగి ట్రక్కు నడిపిన కేసులో పాత జైలులో విచారణ కోసం ఎదురుచూస్తున్నాడు. కొత్త భవనంలో ములాఖత్ గది లేదు కాబట్టి జనానికి ఇప్పటి నుంచే అలవాటు కావాలని పాత జైలులోని గదిని కూడా మూసివేశారు. ఇక వీడియో తెర మీద చూసుకోవడమే. నగరసభ ప్రకటనలో ఈ తర్కాన్ని నేను రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అది తర్కంగా కనిపించలేదు.

మేయర్ ర్యాండల్ నాకు ఎదురొచ్చాడు. అతనికి బడిలో చరిత్ర నేర్పింది నేనే.

"టీచర్, పై తిన్నారా?"

"తర్వాత తింటాను. ములాఖత్ గది ఏది, ర్యాండల్?"

"తెర ఉందిగా టీచర్. ఇంట్లో కూర్చునే మాట్లాడొచ్చు. ఇంకా సుఖం."

"ఎవరికి?"

అతను కాఫీ కప్పులోకి చూశాడు. ఓపల్ ముందుకొచ్చింది.

"తెర మీద నా కొడుకు మొహం పచ్చగా కనబడుతోంది నాయనా. కామెర్లో, అక్కడి లైటో నాకెలా తెలిసేది? తింటున్నావా అంటే తింటున్నానంటాడు. ఎదురుగా కూర్చుంటే నాకు ఒక్క చూపు చాలు."

ఆమె ఒక మడత కుర్చీ తెచ్చి, జైలు గోడను ఆనుకుని గీసిన గది మధ్యలో వేసుకుని కూర్చుంది.

"ఇది ఏం గది, డ్వెయినూ?"

"సభ్యుల సమావేశ మందిరం, ఓపల్."

"మరి ఆ పక్కది?"

"అదీ అదే. అది పెద్ద సమావేశాలకి. ఇది చిన్నవాటికి."

అందరూ నవ్వారు. ఇనుప సామాన్ల దుకాణం నడిపే సభ్యురాలు లవాన్ అందరికంటే గట్టిగా నవ్వింది. "ఒక్క గదిలోనే నిద్ర ముంచుకొస్తోంది మనకి, ర్యాండల్. రెండోది దేనికయ్యా? పక్కలేసుకోడానికా?"

"ఓపల్, లే తల్లీ. మాట్లాడుకుందాం," అన్నాడు మేయర్.

"కూర్చునే మాట్లాడతా. కూర్చోడానికేగా నేను అడుగుతున్నది."

ర్యాండల్ నా వైపు చూశాడు. నేను అతనికి ఏ సాయమూ చేయలేదు. చివరికి అతను గొంతు సవరించుకుని, ఆ గదిని ములాఖత్‌కు ఇవ్వడానికి ఎవరు ఒప్పుకుంటారని అడిగాడు. లవాన్ చేయి ముందు లేచింది. ఒక్కరు తప్ప అందరూ ఎత్తారు. ఆ ఒక్కరి చేతిలో పై ముక్క ఉన్న పళ్ళెం ఉంది. అభ్యంతరమేమీ లేదని తర్వాత చెప్పాడు.

"కట్టేదాకా పాత గది తెరుస్తావా?" అని అడిగాను.

"సోమవారమే తెరిపిస్తా టీచర్. ఇప్పుడైనా పై తింటారా?"

తిన్నాను. బాగుంది.

డ్వెయిన్ మోకాళ్ళ మీద వంగి కార్యాలయాల వైపున్న తలుపు టేపు పీకి, జైలు వైపు కొత్త తలుపు గీశాడు. ఈసారి మార్లిస్‌ను పిలిచి, నడిపించి చూశాడు.

ఆ మరుసటి వారం ఆదివారం ఓపల్ పాత జైలు మెట్లు దిగుతుంటే నేను కారులో ఎదురుచూస్తున్నాను.

"ఎలా ఉన్నాడు?"

"గడ్డం పెంచాడు. అసహ్యంగా ఉంది. తీసెయ్యమని తిట్టి వచ్చా," అంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

ఆ నమూనా గీసినవారిలో దుర్మార్గులు ఎవరూ లేరు. వారి పిల్లలెవరూ జైలులో లేరు, అంతే. మీ పురపాలక సంఘం బల్ల మీద కూడా ఇలాంటి నమూనా ఒకటి ఉంటుంది. ఈ వారమే వెళ్ళి దాన్ని చూపించమని అడగండి.