చిట్టి చెర్రీ చెట్టుకు కాపలా

కినుయో పెరట్లోని చెర్రీ చెట్టు చూరు ఎత్తు కూడా ఉండదు. పొట్టి జాతిది. అంత చిన్న చెట్టు అంత పెద్ద మనిషిని కట్టిపడేసిందంటే నవ్వొస్తుంది. కినుయోకు మాత్రం నవ్వు రావడం ఎప్పుడో మానేసింది.

భర్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది ఆమె, అత్తగారు తోమె, ఆ చెట్టు. ఎక్కడో దూరాన హకొదాతె రేవు పట్నంలో సత్రం నడిపే అక్క మిసావో కొత్త సంవత్సరానికి ఫోన్ చేసి, "మా వంటావిడ మానేస్తోందే. నువ్వొచ్చెయ్. సముద్రం కనబడే గది నీకిస్తా" అంది. కినుయోకు ప్రాణం లేచొచ్చింది. కానీ ముసలావిడనీ ఆవిడ చెట్టునీ వదిలిపోతానని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? "చూస్తానక్కా" అని ఫోన్ పెట్టేసింది.

అసలు వెళ్లడానికి వీలైన నెలంటూ ఉంటేగా! పూలు రాలగానే చెట్టుకు కృతజ్ఞత ఎరువు వేయాలి. పూసి పెట్టినందుకు దానికి పెట్టుకునే దణ్ణమన్నమాట. వానల్లో గొంగళిపురుగులు ఏరాలి. వానలయ్యాక ఎండల్లో వచ్చే ఏటి మొగ్గ కడుతుంది, నీళ్లు తప్పకూడదు. చలికాలం తాళ్లు కట్టకపోతే మంచు బరువుకు కొమ్మలు విరుగుతాయి. ఆ చెట్టు బాలింతగానైనా ఉంటుంది, చూలాలుగానైనా ఉంటుంది.

ఈ ఏడూ విరగబూసింది. ఇరుగుపొరుగు చెట్టు కింద చాపలేసుకున్నారు. కినుయో టీ పోస్తుంటే పక్కింటి హత్సుయే తోమె వైపు తిరిగి అందుకుంది.

"నీ అదృష్టమే అదృష్టం పెద్దమ్మా! మా కోడలు నాగజెముడును కూడా చంపేసింది. కినుయో వదిన ఈ చెట్టును వదిలి ఒక్క పూటైనా ఉండగలదా?"

అందరూ నవ్వారు. కినుయో కూడా నవ్వి, వంగి నమస్కరించింది. లోపల మాత్రం ఒక్కో పొగడ్తా ఒక్కో మేకులా దిగుతోంది.

వాళ్లు వెళ్లాక కప్పులు ఏరుతుంటే కిందికొమ్మ జుట్టుకు చిక్కుకుంది. లాగింది, రాలేదు. అంతే, ఒళ్లు మండిపోయింది. కొట్టుగదిలోంచి రంపం తెచ్చి, నిండా పూలతో ఉన్న కొమ్మను పరపరా కోసేసింది. చెర్రీ కొమ్మ కోసేవాడంత మూర్ఖుడు లేడని ఆ దేశంలో సామెత. తిరిగి చూస్తే వసారాలో తోమె.

"తప్పయిపోయింది అత్తయ్యా!" మోకాళ్ల మీద కూలబడింది కినుయో.

"పనిలో పని, ఆ రెండో కొమ్మ కూడా కోసిపారెయ్" అంది ముసలావిడ.

"అత్తయ్యా!"

"నాకా చెట్టు మొదట్నించీ గిట్టదే అమ్మాయ్. మా అత్త నాటించింది. ఒకటే పురుగులు, ఒకటే చెత్త. మా అబ్బాయి పోయాక నీకదే లోకమైపోయిందని నోరు మూసుకున్నా. అవతల వృద్ధాశ్రమంలో నా నేస్తం రా రా అని ప్రాణం తీస్తోంది. నిన్నూ నీ చెట్టునూ వదిలి ఎలా పోను?"

"నా చెట్టా? నేను మీకోసం చేశానండీ!"

"నేను నీకోసం భరించానే!"

కినుయోకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్లు! కళ్లు తుడుచుకుంటూనే అక్కకు ఫోన్ చేసింది.

"నేనొచ్చేస్తున్నానక్కా!"

"అయ్యో, మళ్లీ నువ్వు ఊసే ఎత్తకపోతే ఇష్టం లేదనుకున్నానే. మొహమాటపెట్టడం ఎందుకని నేనూ అడగలేదు. పోయిన నెలే వేరే ఆవిడను పెట్టుకున్నా. ఆ గదీ ఆవిడకే ఇచ్చేశా."

పూలు పూర్తిగా రాలకముందే తోమె ఆశ్రమానికి వెళ్లిపోయింది. కారులోంచి విహారయాత్రకు పోయే బడిపిల్లలా చెయ్యూపింది. ఆ ఇంట్లో కినుయోను ఆపేవాళ్లు ఇక లేరు. రమ్మనేవాళ్లూ లేరు.

ఎండురేకులు ఊడుస్తుంటే గోడ మీంచి హత్సుయే తల పెట్టింది.

"పెద్దమ్మ వెళ్లిపోయినా చెట్టుకు నువ్వున్నావు వదినా. అదే చాలు."

కినుయో చీపురు ఆపింది. జీవితంలో మొదటిసారి వంగి నమస్కరించలేదు.

"నాకీ చెట్టంటే అసహ్యం హత్సుయే. చూస్తేనే కంపరం."

హత్సుయే పకపకా నవ్వి ఇంట్లోకి కేకేసింది.

"విన్నావుటే కోడలా! అణకువంటే అలా ఉండాలి. అంత బంగారంలా పెంచి, తన చెట్టును తనే ఎలా తీసిపారేస్తోందో చూడు!"